పాలక్క చేతి పల్చటి పాలు

మా అక్క మంచిది కాదని మా వీధిలో ఒకసారి అని చూడండి, నిలబెట్టి కడిగేస్తారు. నేను ఆవిడ సొంత చెల్లెల్ని, నాకే ఆ ధైర్యం లేదు. ఎవరి దగ్గర నోరు విప్పినా "అంత మాటనకు, కళ్ళు పోతాయి" అంటారు. అందుకని రాస్తున్నాను. రాస్తే మధ్యలో అడ్డుపడేవాళ్ళు ఉండరు.

అందరూ ఆవిడని పాలక్క అంటారు. పాలు అమ్ముతుందని కాదు. ఉద్యోగాలకి పోయే తల్లుల పిల్లల్ని పగలంతా తన ఇంట్లో పెట్టుకుని చూసేది. చంకలో ఒకడు, ఒళ్ళో ఒకతి, కాళ్ళకి చుట్టుకుని ఇంకొకడు. సీసా పట్టని పిల్లలు, స్పూను చూస్తే మొహం తిప్పేసే పిల్లలు, కన్నతల్లి పెడితే ఉమ్మేసే పిల్లలు ఆవిడ ఒళ్ళోకి రాగానే కిక్కురుమనకుండా తాగేసేవాళ్ళు. "నా చేతిలో తాగని పిల్ల ఇంకా పుట్టలేదు" అనేది. గొప్పలు కావు, ఉన్నమాటే. పక్క వీధి డాక్టరు కూడా, పిల్ల పాలు తాగడం లేదని ఎవరైనా వస్తే, మందు రాసే ముందు ఒకసారి పాలక్కకి చూపించి రండి అనేవాడు.

నేనూ ఆ చేతిలో తాగి పెరిగినదాన్నే. మా అమ్మ నన్ను కని మంచం పట్టింది, మళ్ళీ లేవలేదు. నాన్నకి పొద్దున ఒకచోట పని, సాయంత్రం ఇంకోచోట. అక్కకి అప్పటికి ఇంకా ఆటలు ఆడుకునే వయసే. బడి మానేసి నన్ను చంకనేసుకుంది. ఎవరైనా ఏడిస్తే ఆవిడ తట్టుకోలేదు, అది పుట్టుకతో వచ్చిన గుణం. నేను నోరు తెరిచి రాగం అందుకోకముందే ఏం కావాలంటే అది చేతిలో పెట్టేసేది. నా పాలపళ్ళన్నీ పుచ్చిపోయింది ఆ మిఠాయిల వల్లే. పళ్ళ డాక్టరు కేకలేస్తే "ఏం చెయ్యనండీ, ఏడుస్తుంటే కడుపు తరుక్కుపోతుంది" అంది. ఆయన మెత్తబడి, తిట్టడం మానేసి, నాకే ఇంకో మిఠాయి ఇచ్చాడు.

ఆవిడకి పెళ్ళయింది. బావ మంచివాడు, కానీ ఎక్కువకాలం లేడు, పిల్లలూ కలగలేదు. బావ పోయాక నేను పక్కన కూర్చుని ఓదార్చబోతే, "నాకేంటే, వీధి నిండా నా పిల్లలే" అంది. అని వంటింట్లోకి వెళ్ళి కుళాయి విప్పుకుని ఏడ్చింది. ఆ నీళ్ళ చప్పుడు ఆగేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆవిడని నేను ఎంత ప్రేమించానో తెలియకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

నా సంగతి వేరు. నేను సిటీ బస్సులో కండక్టర్ని. "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని రోజంతా అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. మా ఆయన కోల్డ్ స్టోరేజీలో రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోతాడు. నిద్రలో కూడా నా గొంతు వింటే పక్కకి జరిగి చోటిస్తానని వెక్కిరిస్తాడు. నా నోరు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. అక్క నెమ్మదస్తురాలు, నోట్లో వేలు పెడితే కొరకదు. అందుకే మా ఇద్దరి మధ్య మాటొస్తే చూసేవాళ్ళంతా ఆవిడ వైపే ఉంటారు. చిన్నప్పటి నుంచీ అంతే, నేనూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

పెళ్ళయిన చాలాకాలానికి మాకు బుజ్జిగాడు పుట్టాడు. పుట్టిన దగ్గర్నుంచీ వాడి ఛాతీలో గురగుర. జ్వరం, ఆసుపత్రి, ఇల్లు, మళ్ళీ జ్వరం. మందులు మార్చారు, పాల డబ్బా మార్చారు, ఇంట్లో దుప్పట్లు కూడా మార్చమన్నారు. చివరికి పెద్దాసుపత్రిలో ఒక మేడం దగ్గరికి పంపారు. పిల్లలకి మింగడం నేర్పే ఉద్యోగం ఆవిడది. దాని అసలు పేరు నాకు నోరు తిరగదు, నేను మింగుడు మేడం అనే అంటాను. ఆవిడ బుజ్జిగాడికి ఏదో తెల్లటి మందు కలిపిన పాలు పట్టించి, అవి గొంతులోంచి దిగుతుండగా తెర మీద నాకు చూపించింది.

"ఇదిగో, ఇది పొట్టకి పోయే దారి. ఇది ఊపిరి దారి. మింగేటప్పుడు ఈ రెండోది మూసుకోవాలి. మీవాడికి అది మూసుకోవడం ఆలస్యమవుతోంది. పల్చటి పాలు ఆగవు కదా, ఈలోపే ఇటు జారిపోతున్నాయి."

"అలా పోతే దగ్గాలి కదండీ మేడం?"

"దగ్గాలి. వీడికి దగ్గు రావడం లేదు. చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి దిగుతున్నాయి. పైనుంచి చూస్తే హాయిగా తాగుతున్నట్టే ఉంటుంది. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు."

తర్వాత చిక్కటి పాలు పట్టించింది. అవి తాపీగా దిగాయి. ఊపిరి దారి మూసుకునేదాకా గొంతు దగ్గర ఆగి, చక్కగా పొట్టలోకి పోయాయి. అది చూసి నేను ఆ చీకటి గదిలో నిలబడి ఏడ్చేశాను. నా బిడ్డకి ఏమైందో తెలిసింది, ఏం చెయ్యాలో కూడా తెలిసింది, అంతకంటే ఏం కావాలి.

డబ్బా పాలల్లో కలిపే పొడి ఇచ్చారు. వీడి వయసూ బరువూ చూసి వాళ్ళే ఎంచి ఇచ్చినది, ఇంకో బిడ్డకి అది పనికి రాకపోవచ్చు, మీ అంతట మీరు కొలత మార్చొద్దు అని మరీ మరీ చెప్పారు. కలపడం కూడా చేయించి చూశారు. పాలు గోరువెచ్చగా ఉండాలి. పొడి ఒక్కసారి గుమ్మరిస్తే ఉండలు కడుతుంది, చల్లుతూ కలపాలి. కలిపి కాసేపు పక్కన పెడితే అప్పుడు చిక్కబడుతుంది. తొందరపడితే పల్చగా ఉంటుంది, మరీ ఆలస్యమైతే గట్టిపడి సీసా పీకలోంచి రాదు. ఆ పీక కూడా వేరే, కాస్త పెద్ద కన్నం ఉన్నది వాళ్ళే ఇచ్చారు. చిక్కదనం సరిపోయిందో లేదో తెలియడానికి, సూది లేని సిరంజిలో పాలు పోసి, కింద అడ్డుపెట్టిన వేలు తీసి, మేడం చెప్పినంతసేపట్లో ఎంత కారిందో, ఎంత మిగిలిందో చూడాలి. అప్పుడుగానీ బిడ్డ నోటికి అందించకూడదు.

నా సెలవు అయిపోవచ్చింది. పగలు పాలు పట్టేది ఎవరు? ఆ ప్రశ్న నేను అడగనేలేదు. అక్క మా పై అంతస్తులోనే ఉంటుంది. తను చూసుకునే పిల్లలందరినీ పంపించేసి, "ఇంక ఓపిక లేదే, వీడొక్కడు చాలు నాకు" అంది. నాతోపాటు ఆసుపత్రికి వచ్చి, ఒక్కసారి చూసి, మేడం ముందే కలిపి చూపించింది. ఒక్క ఉండ లేదు. మేడం మెచ్చుకుని, "మీరు అదృష్టవంతులు, ఇలాంటి మనిషి ఇంట్లో ఉంది" అంది నాతో. నేను పొంగిపోయాను.

మొదట్లో వాడు అక్కని ముప్పుతిప్పలు పెట్టాడు. చిక్కటి పాలు లాగాలంటే బిడ్డకి కష్టం, దవడలు నొప్పి పుడతాయి, మధ్యమధ్య ఆపాలి, నిటారుగా కూర్చోబెట్టాలి. ఒక సీసా అయ్యేసరికి మనిషి నడుం విరుగుతుంది. వాడు రెండు గుక్కలు లాగి మొహం తిప్పేసేవాడు, ఎర్రగా కందిపోయి ఏడ్చేవాడు. ఒకరోజు నేను డ్యూటీ దిగి వచ్చేసరికి అక్క సీసా పక్కన పెట్టి కూర్చుని ఉంది.

"వీడు నన్ను చూస్తే ఏడుస్తున్నాడే" అంది.

"నిన్ను చూసి కాదక్కా, సీసాని చూసి. నన్ను చూసినా అంతే."

మా ఆయన నిద్ర లేచి వస్తూ, "ఏం వదినా, ఇన్నాళ్ళకి నీకు సరైనోడు తగిలాడన్నమాట" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను. అక్క మాత్రం నవ్వలేదు, సీసా కడగడానికి లేచి వెళ్ళింది.

కొన్నాళ్ళకి పరిస్థితి మారిపోయింది. నేను పట్టే పూట అదే యుద్ధం, అక్క పట్టే పూట మాత్రం సీసా ఇట్టే ఖాళీ. ఆవిడ మెట్లు దిగుతున్న చప్పుడు వింటే చాలు, వాడు కాళ్ళూ చేతులూ ఆడించి గంతులేసేవాడు. "ఏం మంత్రం వేశావక్కా?" అన్నాను. "నాకు తెలియని పిల్లలా" అంది. బస్సులో మా డ్రైవరుకి, తెలిసిన ప్రయాణికులకి కూడా చెప్పుకున్నాను, మా అక్క చేతిలో ఏదో ఉందని.

ఆ తర్వాత వాడికి మళ్ళీ జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో మళ్ళీ పాలు చేరాయన్నారు. మేడం నాతో పాలు కలిపించి చూసింది. సరిగ్గానే ఉంది. "ఇంట్లో కూడా ఇలాగే కలుపుతున్నారా? అలసిపోయి వచ్చినప్పుడు కూడా?" అని అడిగింది. ఇలాగే అన్నాను. అక్క నా పక్కనే కూర్చుని ఉంది. నా వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ, "అది డ్యూటీ దిగి వచ్చేసరికి నిలబడలేదండీ. పాపం, దాన్ని ఏం అనగలం" అంది.

ఎంత మెత్తగా అందో. నేను ఆ మాటకి కోపం కూడా తెచ్చుకోలేదు, నన్ను వెనకేసుకొచ్చిందనుకున్నాను. ఇంటికి వచ్చి నా చేతుల్ని నేనే అనుమానించడం మొదలుపెట్టాను. కొలత గరిట సమంగా గీశానా, ఎత్తుగా తీశానా, తక్కువగా తీశానా. సిరంజి పెట్టి ఒకటికి రెండుసార్లు చూసుకునేదాన్ని. పాలు చల్లారిపోయేవి, వాడు ఏడ్చేవాడు, నేనూ ఏడ్చేదాన్ని. మా ఆయన ఒకరోజు సీసా నా చేతిలోంచి తీసుకుని, "ఇంక నువ్వు కలపొద్దు. అన్ని పూటలా వదినే కలిపి పడుతుంది. వదిన పట్టేటప్పుడు వాడు ఎంత బాగుంటాడో చూస్తున్నాను కదా" అన్నాడు. కన్నతల్లిని, పక్కకి తప్పుకున్నాను. బిడ్డ బాగుంటే చాలనుకున్నాను.

అన్ని పూటలా అక్కే పట్టింది. వాడికి అంతకుముందు ఎన్నడూ రానంత జబ్బు చేసింది. పెదాలు నీలంగా మారితే ఎత్తుకుని పరుగెత్తాం. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, దాంట్లోంచి పాలు పంపారు. కాస్త తేరుకున్నాక మేడం మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి మాట్లాడింది.

"ఇంత జాగ్రత్తగా కలిపి పట్టినా వచ్చిందంటే, చిక్కటి పాలు కూడా వీడికి పని చెయ్యడం లేదనుకోవాలి. ఛాతీ శుభ్రపడగానే పొట్టకి చిన్న ఆపరేషన్ చేసి గొట్టం పెడతారు. పాలు నేరుగా పొట్టలోకే. నోటితో తాగడం ఆపేస్తాం. కొంతకాలమో, ఎక్కువకాలమో ఇప్పుడు చెప్పలేను. భయపడకండి, అలా పెరిగి బాగున్న పిల్లలు చాలామంది ఉన్నారు."

భయపడకండి అంటే భయం పోతుందా. అవసరమైతే పెట్టాలి, అది నాకూ తెలుసు. కానీ తెర మీద ఆ చిక్కటి పాలు చక్కగా దిగడం నా కళ్ళతో చూశాను. అది ఎందుకు పని చెయ్యలేదో నాకు అంతుపట్టలేదు. అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. "గుండె రాయి చేసుకోవాలే" అంది. మా ఆయన కాగితాల మీద సంతకం పెట్టడానికి మర్నాడు వస్తానన్నాడు.

బుజ్జిగాణ్ణి నర్సులకి అప్పగించి, బట్టలు తెచ్చుకోవడానికి నేనూ అక్కా ఇంటికి వచ్చాం, ఆవిడ పైకి వెళ్ళింది. వంటింటి సింకు నిండా నీళ్ళు నిలబడి ఉన్నాయి. అంతకుముందే నీళ్ళు మెల్లగా పోతున్నాయి, జబ్బు హడావుడిలో ఎవరూ పట్టించుకోలేదు. ఒళ్ళు మండి, కింద అంగడి పక్కన ఉండే ప్లంబర్ని పిలిచాను. అతను బకెట్ పెట్టి, సింకు కింద వంపు తిరిగిన పైపు విప్పి, లోపల వేలు పెట్టి లాగాడు. జిగటగా, బూడిద రంగులో, పిడికెడు ముద్ద ఊడి పడింది. దాని వెనక ఇంకోటి.

"ఏం పోశారమ్మా ఇందులో? పైపుకి అజీర్తి చేసింది" అన్నాడు.

"ఏమీ పొయ్యలేదయ్యా."

"గంజి కాదు, పిండి కాదు. ఇదేదో పొడిలా ఉంది. తడి సింకులో పొడి పారబోశారు, అది నీళ్ళు తాగి ఉబ్బింది. చూడండి." ముద్దని బొటనవేలితో చీల్చాడు. లోపల తెల్లగా, ఇంకా తడవని పొడి.

ఆ పొడి నాకు తెలుసు. మిగిలిన పాలు పారబోస్తే ముద్ద మధ్యలో పొడి ఉండదు. ఇది డబ్బాలోంచి గరిటతో తీసి, పాలల్లో వెయ్యకుండా, సింకులో వేసినది. ఎందుకు? డబ్బా తరిగిపోవాలి కాబట్టి. నేను రోజూ డబ్బా మూత తీసి చూస్తాను కాబట్టి. తెలియక పొరపాటు చేసిన మనిషి డబ్బా గురించి ఆలోచించదు.

ముద్దని ప్లాస్టిక్ కవరులో వేసుకుని మెట్లెక్కాను. అక్క మంచం మీద కూర్చుని బుజ్జిగాడి చొక్కాలు మడతపెడుతోంది. కవరు ఆవిడ ముందు పెట్టాను.

"ఏంటక్కా ఇది?"

అక్క కవరు చూసింది, నన్ను చూసింది.

"వాడు దగ్గలేదే" అంది చివరికి. "ఒక్కసారంటే ఒక్కసారి కూడా దగ్గలేదు. ఇంతమందిని పెంచాను, తప్పుదారిన పోతే ఏ బిడ్డయినా దగ్గుతుంది. వీడు నవ్వుకుంటూ తాగాడు. ఆ జిగురు పాలు చూస్తే నా నుంచి మొహం తిప్పేసేవాడు. పొడి వెయ్యకుండా, నా దగ్గరున్న పాత పీకతో పట్టాను. ఎంత సంబరంగా తాగాడనుకున్నావు."

"జ్వరం వచ్చింది కదా. అప్పుడైనా తెలియలేదా?"

"ఆ పొడి వల్లే వస్తోందేమో అనుకున్నాను. నువ్వు పట్టే పూట అదే కదా పట్టేది."

"మరి డబ్బాలోది పారబొయ్యడం దేనికి?"

అక్క ఇంకో చొక్కా అందుకుంది.

"నేను సరిగ్గా కలుపుతున్నానా అని మేడం అడిగినప్పుడు నా వీపు నిమిరావు. మీ మరిది నా చేతిలోంచి సీసా లాక్కుంటే చూస్తూ ఊరుకున్నావు. రేపు సంతకం పెడితే వాడి పొట్ట కోస్తారు, తెలుసా నీకు? ఊరికే కోస్తారు."

"గొట్టం పెడితే ఇంక ఊపిరితిత్తుల బాధ ఉండదన్నారు కదే" అంది. ఆ మాట అనేటప్పుడు చేతిలో చొక్కా మడతపెడుతూనే ఉంది. "నేను చెబితే నువ్వు వాణ్ణి మళ్ళీ నాకు ఇవ్వవు. నాకెవరున్నారే?"

నేను అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు, కింది అంతస్తు వాళ్ళు బయటికి వచ్చారు. అక్క ఏడ్చింది. ఆవిడ ఏడిస్తే నేను చూడలేను, అప్పుడూ చూడలేకపోయాను, ఆ సంగతికి నా మీద నాకే ఒళ్ళు మండింది. చివరికి గొంతు తగ్గించి అడిగాను. "నేను చెబితే ఆపరేషన్ తప్పించుకోవడానికి అంటున్నాననుకుంటారు. నువ్వు రా. ఆ ఒక్క మాటా మేడంతో నువ్వే చెప్పు. నిన్ను ఇంకేమీ అనను."

"చెబుతాను. నీ మీద ఒట్టు" అంది. కళ్ళు తుడుచుకుని నా చేతులు పట్టుకుంది. నమ్మాను. నన్ను పెంచిన చేతులవి, ఎలా నమ్మకుండా ఉంటాను?

పొద్దున్నే మేడం గదిలో కూర్చున్నాం. మా ఆయన కూడా ఉన్నాడు. నేను కవరు బల్ల మీద పెట్టి, పైపు సంగతి చెప్పి, "మిగతాది మా అక్క చెబుతుంది" అన్నాను. మేడం అక్క వైపు తిరిగింది. అక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎప్పటిలాగే నెమ్మదిగా మాట్లాడింది.

"డబ్బా నా చేయి జారి సింకులో పడిందండీ ఒకసారి. కొంచెం ఒలికింది. అదే అయి ఉంటుంది."

"అక్కా," అన్నాను.

"దానికి ఆపరేషన్ అంటే భయం మేడం. కన్నతల్లి కదా. ఎవరో ఒకరి మీదికి నెట్టకపోతే మనసు ఆగదు. నా మీద వేసుకోమన్నా వేసుకుంటాను, నాకేం." అని నా వీపు మీద చెయ్యి వెయ్యబోయింది.

నమ్మించి గొంతు కోయడం అని వింటుంటాం. నాకు అది ఆ గదిలో, అందరూ చూస్తుండగా జరిగింది. పల్చటి పాలు పట్టిందని కాదు, బిడ్డ ఏడుపు చూడలేక పట్టిందనుకుని ఏదో ఒకనాటికి ఊరుకునేదాన్నేమో. వాడి పొట్ట మీద కత్తి పెడతారని తెలిసి కూడా తన మంచిపేరే కావాలనుకుంది. దానికోసం నన్ను పిచ్చిదాన్ని చేసింది. మా ఆయన తల దించుకుని, "ఊరుకోవే, వదిన అలాంటి మనిషా" అన్నాడు. ఆ క్షణంలో ఈ లోకంలో నా మాట నమ్మేవాళ్ళు ఎవరూ లేరు.

ఆవిడ చెయ్యి తోసేసి లేచి నిలబడ్డాను. అరవలేదు. అరిస్తే ఆవిడే గెలుస్తుందని ఆ పూట తెలిసింది.

"మేడం, నా మాట నమ్మొద్దు. ఆవిడ మాటా నమ్మొద్దు. వాడి ఛాతీ శుభ్రపడ్డాక మళ్ళీ తెర మీద చూడండి. బాగుంటే చిక్కటి పాలు మీ నర్సులే కలిపి, మీ కళ్ళ ముందే పట్టండి. మా ఇంటి మనుషులు ఎవరూ సీసా ముట్టుకోరు. అప్పటికీ జ్వరం వస్తే సంతకం నేనే పెడతాను, ఎదురు మాట్లాడను."

మేడం కవరు ఎత్తి వెలుతురులో పట్టుకుని ముద్దని చూసింది. అక్కని చూసింది. "సరే, అలాగే చేద్దాం" అంది. ఎవరిని నమ్మిందో చెప్పలేదు.

తెర మీద చిక్కటి పాలు మళ్ళీ అదే దారిన, మొదటిసారి దిగినట్టే దిగాయి. నర్సులు కలిపారు, నర్సులే పట్టారు. వాడు ఏడ్చాడు, తాగాడు, మళ్ళీ ఏడ్చాడు, మళ్ళీ తాగాడు. జ్వరం రాలేదు. ఎక్స్‌రే తీసి చూస్తే ఊపిరితిత్తులు తేటగా ఉన్నాయి. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మా ఆయన నా దగ్గరికి వచ్చి, ఫ్లాస్కు కడుక్కొస్తానని వెళ్ళిపోయాడు. ఆపరేషన్ తప్పినందుకు నేను సంతోషపడ్డాను. దాంతోపాటు, నేను చెప్పింది నిజమేనని రుజువైనందుకు కుమిలిపోయాను. ఎక్కడో లోపల, అక్క చెప్పిందే నిజమవ్వాలని, డబ్బా నిజంగా చేయి జారి ఉండాలని కోరుకున్నానేమో.

ఇంటికి పంపేముందు ఆఖరిరోజుల్లో పాలు నన్నే పట్టమన్నారు, పక్కన నర్సు చూస్తుంటుంది. కొత్తగా డ్యూటీకి వచ్చిన అమ్మాయి, పాత గొడవ ఏదీ తెలియదు. వాణ్ణి నిటారుగా కూర్చోబెట్టుకుని పడుతున్నాను. నుదుటి మీద చెమట, బుగ్గలు లోపలికి పోయేలా లాగుతున్నాడు పాపం. సీసా సగమైంది.

"బంగారం" అని తలుపు దగ్గర నుంచి వినిపించింది.

వాడు పీక వదిలేశాడు. ఒళ్ళంతా నవ్వు. కాళ్ళు తన్ని, నడుం విరిచి, నా భుజం మీదుగా రెండు చేతులూ చాపాడు. ఈ సీసా పట్టుకున్న నన్ను చూసి వాడు ఎన్నడూ అలా నవ్వలేదు. నేను వాడి తల మెల్లగా ఇటు తిప్పి పీక పెదాలకి ఆనించాను. ఉమ్మేసి గుక్కపట్టాడు.

"ఎందుకమ్మా పసివాణ్ణి అంత ఏడిపిస్తుంది" అంది అక్క, నర్సుతో, అదే మెత్తటి గొంతుతో. "నాకిస్తే చిటికెలో తాగించేస్తాను. పుట్టిన దగ్గర్నుంచీ నేనే కదా చూసింది."

నర్సు వాణ్ణి చూసింది, ఆవిడ వైపు చాపిన చేతులు చూసింది, నన్ను చూసింది. "ఒకసారి ఆవిడకి ఇవ్వండమ్మా. బాబుకి ఆవిడంటే ఎంత ఇష్టమో చూడండి" అంది.

నేను ఇవ్వలేదు. కుర్చీ గోడ వైపు తిప్పుకుని, వాడు ఆవిడ కోసం ఏడుస్తుంటే, ఆ ఏడుపు కాస్త తగ్గేదాకా సీసా చేత్తో పట్టుకుని కూర్చున్నాను.